రెండు అమెరికా బండ్లు, ఒక చెరిగిన నంబరు

ముందే చెప్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా కార్డు ఎన్నిసార్లు మారింది, వీసా ఇచ్చిన ఏ కఫీల్ ఏమన్నాడు, ఇవేవీ ఇందులో ఉండవు. అవి తెలుసుకుని మీరు బాగుపడేదీ లేదు, నేను రాసి బావుకునేదీ లేదు. కువైట్ గరాజుల్లో కొత్తగా పానా పట్టే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. జహ్రా సనాయియాలో, అంటే గరాజులూ లేత్ షాపులూ ఉండే పేటలో, పాత అమెరికా బండ్ల ఇంజిన్లు విప్పుతూ బిగిస్తూ తల నెరిసింది. ఈ మధ్యే పని మానేసి ఫహాహీల్‌లో మేనల్లుడి ఫ్లాటులో ఉంటున్నాను. వాడు పొద్దున్నే షుఐబాలో డ్యూటీకి పోతే సాయంత్రం దాకా నాకు గోడలే దిక్కు. ఊరికే కూర్చుంటే నాకు ఒళ్లు మంట. అందుకే ఈ రాత.

ఈ పని అంటే ఏమిటి

కండ బలం అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. చెవి, ముక్కు, ఓపిక. ఈ మూడూ ఉంటే పానా పట్టడం కోతికి కూడా నేర్పొచ్చు.

ఎండాకాలంలో ఒక పాత బండి దారిలో ఆగిపోతుంది. కుర్ర మెకానిక్ వెళ్లి కాయిల్ మారుస్తాడు, పెట్రోలు పంపు మారుస్తాడు, చివరికి ఓనర్ చేత తిట్లు తింటాడు. ఇక్కడి ఎండకు కార్బురేటర్‌కు పోయే పెట్రోలు గొట్టంలోనే ఉడికిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి, ఒక చాయ్ తాగి వచ్చి సెల్ఫ్ కొట్టండి. చక్కగా స్టార్ట్ అవుతుంది. ఇక్కడ బండ్లకొచ్చే రోగాల్లో చాలావాటికి ఎండా ఇసుకా తప్ప వేరే కారణం లేదు. అది తెలియనివాడు ఎంత ఖరీదైన పానాలు కొన్నా దండగే.

ఇంకొకటి. ఓనర్ చెప్పింది సగం నమ్మండి. "నేనేమీ చెయ్యలేదు, దానంతటదే ఆగిపోయింది" అన్నాడంటే ఏదో చేశాడనే అర్థం.

ఉస్తాద్ హబీబ్

నాకు పని నేర్పింది ఉస్తాద్ హబీబ్ అనే పాలస్తీనా ఆయన. పొట్టి మనిషి, నోరు మాత్రం మూడు వీధులకు వినపడేది. తప్పు చేస్తే ఆయిల్ గుడ్డ తీసి మొహాన కొట్టేవాడు. ఇప్పటి పిల్లలు ఒక్కరోజు కూడా ఆగరు ఆయన దగ్గర. నేను ఆగాను, ఎందుకంటే ఆయన చేతిలో పడిన ఇంజిన్ మళ్లీ గరాజుకు వచ్చేది కాదు.

ఆ రోజుల్లో కువైటీ కుర్రాళ్లకు ఒకటే పిచ్చి, పక్కవాడి బండిని దాటాలి. అందుకు ఇంజిన్ బ్లాక్ పైభాగాన్ని కాస్త చెక్కించేవాళ్లు. మన మెకానిక్కులం ఫేసింగ్ అంటాం. ఫేసింగ్ చేస్తే సిలిండర్లలో ఒత్తిడి పెరిగి బండి లేడిలా దూకుతుంది. కాకపోతే కొన్ని ఇంజిన్లకు కంపెనీవాళ్లు ఆ పైభాగం అంచునే ఒక చిన్న పలక ఉంచి, దాని మీద బండి చాసిస్ నంబరు చివరి అంకెలు కొడతారు. ఈ ఇంజిన్ ఈ బండిదే అనడానికి అదే సాక్ష్యం. ఫేసింగ్‌లో అదీ చెక్కుకుపోతుంది.

అప్పట్లో ఆ నంబరు ఎవడికీ పట్టేది కాదు. ఉస్తాద్‌కు మాత్రం పట్టేది. చెక్కే ముందు రెండు వరసల సిలిండర్ల మధ్య ఉండే గుంతలో, మానిఫోల్డ్ మూత కింద, అదే నంబరును అరబ్బీ అంకెల్లో సుత్తితో కొట్టేవాడు. పక్కన తన పేరులోని మొదటి అక్షరం. అక్కడ ఎప్పుడూ ఆయిల్ ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు.

"మూత కింద ఎవడు చూస్తాడు ఉస్తాద్?" అని ఒకసారి నవ్వాను.

గుడ్డ వచ్చి మొహాన పడింది. "ఎవడూ చూడకపోతే నువ్వు పని చెయ్యవా? కంపెనీ వాడు పెట్టింది తీస్తున్నాం. తీసినవాడు ఎవడో చెప్పి తియ్యాలి."

ఈ సంగతి ఆయన ఓనర్లకు కూడా చెప్పేవాడు కాదు. ఫేసింగ్ చేయించుకున్నవాళ్లు అది పక్కవాడికి తెలియకూడదని దాక్కుని వచ్చేవాళ్లు, ఈయన ఎందుకు అరుస్తాడు? చాలాకాలం కిందటే ఆయన జోర్డాన్ వెళ్లిపోయాడు. అక్కడే పోయాడని విన్నప్పుడు గరాజు వెనక్కి వెళ్లి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

షెవెల్, చార్జర్

అసలు కథ ఇప్పుడు. నేను పని మానేసే ముందు చేసిన ఆఖరి పెద్ద కేసు.

జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో ముసలాయన పోయాడు. ఇంటి పనివాళ్లకు ఆయన బాబా, ఆయన భార్య మామా. ఇద్దరు కొడుకులు, పెద్దవాడు మిషాల్, చిన్నవాడు యూసుఫ్. ఇంటి డ్రైవర్ గంగారాం, జగిత్యాల మనిషి. వాళ్ల హోష్‌లో, అంటే ఇంటి వాకిట్లో, రేకుల షెడ్డు కింద రెండు పాత అమెరికా బండ్లు ఉండేవి. ఒకటి 454 ఇంజిన్ షెవెల్, బాబా వయసులో ఉన్నప్పుడు కొత్తగా కొన్నది. రెండోది 440 ఇంజిన్ చార్జర్, బాబా తమ్ముడిది. ముసలితనంలో తమ్ముడు దాన్ని అన్నకే ఇచ్చేశాడు.

కుటుంబం కొత్త ఇంటికి మారుతోంది. అక్కడ ఒక్క బండికే నీడ ఉంది. ఒకటి ఉంచుకోవాలి, ఒకటి అమ్మాలి. ఎక్కువ విలువ చేసేది ఉంచుదామని మిషాల్, ఎక్కువ పరుగెత్తేది ఉంచుదామని యూసుఫ్. అన్నదమ్ములు దీవానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే హాల్లో, దీని మీద అరుచుకుంటుంటే మామా విసిగిపోయి రెండింటినీ మా గరాజుకు పంపింది. మా ఓనర్ అబూ ఖాలిద్ నా వైపు చూపించి, "రమణ చెప్తాడు" అనేసి ఏసీ గదిలోకి వెళ్లిపోయాడు. ఓనర్లంటే అంతే కదా.

నా లెక్క ఇది, మీరూ వినండి. షెవెల్ కదిలేటప్పుడు పొగరుబోతు. క్లచ్ వదిలితే వెనక టైర్లు అరుస్తాయి, ముందు భాగం పైకి లేస్తుంది, పక్కవాడు తేరుకునేలోపు నువ్వు ముందుంటావు. మలుపులో మాత్రం దాని ముక్కు బరువు. ఆటోమేటిక్ గేరున్న ఆ చార్జర్ నిదానంగా లేస్తుంది, లేచాక ఆగదు. పొడవైన దారిలో అది పట్టాల మీద పోయినట్టు పోతుంది. అందం అడిగితే చార్జర్‌దే. లైట్లు మూసుకున్న ఆ మొహం చూసి రోడ్డు మీద జనం ఆగిపోతారు. సేకరించేవాళ్లు రెండింటికీ ఎగబడతారు, కానీ వాళ్లు మొదట చూసేది అందం కాదు, పరుగూ కాదు. నంబరు. చార్జర్ ఇంజిన్‌కు నంబరు అడుగు భాగంలో, ఆయిల్ పాన్ అంచు దగ్గర ఉంటుంది. ఎంత ఫేసింగ్ చేసినా దాని జోలికి పోదు. షెవెల్‌కు ఆ అదృష్టం లేదు.

అరిఫ్‌జాన్ వైపున్న ట్రాక్ మీద రెండూ పరుగెత్తాయి. షెవెల్‌లో యూసుఫ్, చార్జర్‌లో మిషాల్. పావుమైలు దాకా షెవెల్‌దే. యూసుఫ్ దిగి గంతులేశాడు. గంగారాం అయితే షెవెల్ బోనెట్ మీద చెయ్యి వేసి, "శాబాష్ బిడ్డా, మస్తు ఉరికినవ్" అని మెచ్చుకున్నాడు. ప్రతి శుక్రవారం ఇంట్లో అందరూ నిద్రలో ఉంటే ఆ రెండు బండ్లనూ స్టార్ట్ చేసి, తుడిచి, కప్పింది అతడే. షెడ్డు తాళం అతడి దగ్గరే ఉండేది.

పలక నున్నగా ఉంది

విలువ కట్టడానికి దుబాయ్ నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. చార్జర్ కింద పడుకుని చూసి, "అసలుది, మాషా అల్లా" అన్నాడు. షెవెల్ బోనెట్ ఎత్తి, టార్చి వేసి చాలాసేపు చూశాడు. పలక నున్నగా ఉంది. ఒక్క అంకె లేదు.

"ఎవరో చెక్కేశారు. దొంగ ఇంజిన్ పెట్టేవాళ్లు చేసే పని ఇది. ఇది ఈ బండి ఇంజిన్ అని నేను చెప్పలేను" అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు, ఆయన చోట నేనున్నా అదే అనేవాణ్ని.

మిషాల్ మొహం నల్లబడింది. నెమ్మదిగా తిరిగి గంగారాంను చూశాడు. "బాబా మంచం పట్టాక ఆ షెడ్డు తాళం నీ దగ్గరే కదా. ఎండాకాలం మేం దేశం దాటితే ఇంట్లో నువ్వొక్కడివే కదా. అసలు ఇంజిన్ ఎక్కడ?"

గంగారాంకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే పాత టైరు మీద కూలబడ్డాడు. ఈద్ అయ్యాక అతడు ఖలాస్ చెప్పి పూర్తిగా ఇంటికి పోవాల్సిన మనిషి. మామా అతడికి విందు ఇవ్వాలనుకుంది. ఇప్పుడు దొంగ అనే పేరుతో పోవాలి.

నేను దగ్గరికి పోయి, "ఏంప్పా గంగారాం, అట్ల కూచ్చుంటే ఎట్ల? లెయ్యి. నోరు తెరిచి చెప్పు" అన్నాను.

"ఏం చెప్పాలె రమణన్నా? గీ ఇంట్ల పిల్లల్ని ఎత్తుకోని బడికి తోలిన. గీ మిషాలే నా భుజం మీద నిద్రపోయిండు. గాయినే అడుగుతుండు ఇంజిన్ ఏడ అమ్ముకున్నవని. ఇంక నేను చెప్పేదేముంది?"

"అది కాదబ్బా. ఈ బండికి ఏం పెట్రోలు పోస్తాంటివి?"

అతడు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "అల్ట్రానే. చార్జర్‌కు ఏదైనా పొయ్యి, షెవెల్‌కు మాత్రం అన్నిట్ల ఎక్కువ రేటుదే పొయ్యాలె, ఎందుకని అడగొద్దు అని బాబా ఒట్టేయించిండు."

ఆ మాట వినగానే షెవెల్ బోనెట్ దగ్గరికి పోయాను. రెండు వారాలుగా నాకూ అనుమానమే. ట్రాక్ మీద వేడెక్కాక సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగింది. మామూలు పెట్రోలు పోస్తే లోపల సుత్తితో కొట్టినట్టు నాకింగ్. ఒత్తిడి పెంచిన ఇంజిన్ లక్షణాలివి. పలక మీద టార్చి వేసి చూశాను. లేత్ కత్తి వదిలిన సన్నని వంపు గీతలు ఉన్నాయి. చేసినవాడు దొంగ కాదు, పనివాడు. జహ్రాలో ఆ రోజుల్లో ఇంత శుభ్రంగా ఫేసింగ్ చేసే చెయ్యి ఒకటే ఉండేది.

"మానిఫోల్డ్ విప్పుతా" అన్నాను.

అబూ ఖాలిద్ ఏసీ గదిలోంచి ఊడిపడ్డాడు. "పిచ్చి పట్టిందా రమణా? పెయింటు పగలని పాత బోల్టులవి. ముట్టుకుంటే ఉన్న విలువ కూడా పోతుంది. లోపల ఏమీ లేకపోతే నా గరాజు పేరు పోతుంది, నువ్వూ పోతావ్."

దుబాయ్ ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు. "కంపెనీవాళ్లు అక్కడ నంబరు కొట్టరు."

"కంపెనీ వాళ్లు కొట్టరు సార్. మా ఉస్తాద్ కొడతాడు."

బండి మామాది. ఆమె అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. యూసుఫ్ ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. నేను చెప్పిందంతా ఆమె విన్నది. ఇంజిన్ విలువ సంగతి ఒక్క ముక్క అడగలేదు. "గంగారాం అక్కడున్నాడా?" అంది. ఉన్నాడన్నాను. "నేను వచ్చాకే విప్పండి. నా కళ్ల ముందు విప్పండి."

విప్పడం

మామా నల్ల అబాయాలో వచ్చి, గరాజు మధ్యలో వేసిన కుర్చీలో కూర్చుంది. పక్కనే గంగారాంను కూర్చోమంటే కూర్చోలేదు, నిలబడ్డాడు.

కార్బురేటర్ దించాను. బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. పాత గాస్కెట్ పట్టు వదలనంటుంది. యూసుఫ్ ఒక పక్క, నేనొక పక్క పట్టి మానిఫోల్డ్ ఎత్తాం. లోపల తారులాంటి నల్లటి ఆయిల్ మడ్డి.

కిరోసిన్ గుడ్డతో ముందు వైపు తుడిచాను. ఏమీ లేదు. మధ్యలో తుడిచాను. ఏమీ లేదు.

"మాకూ" అన్నాడు మిషాల్. లేదు అని. చేతులు కట్టుకుని వెనక్కి తిరిగాడు.

నాకూ భయమేసింది, అబద్ధమెందుకు? ఉస్తాద్ ఈ ఒక్క బండికి కొట్టడం మరిచిపోయి ఉంటే? ఫేసింగ్ చేసింది ఆయన కాకపోతే? గంగారాం మొహం చూడలేక మళ్లీ గుంతలోకే వంగాను. డిస్ట్రిబ్యూటర్ దిగే రంధ్రం దగ్గర, అన్నిటికంటే వెనక, మడ్డి గట్టిపడి రాయిలా ఉంది. చెక్కపుల్లతో గీకాను, గుడ్డ పెట్టి రుద్దాను. వేలికి ఏదో తగిలింది. ఒక గీత, దాని పక్కన ఒక వంపు.

"అకూ!" అని గొంతు చించుకుని అరిచాను. ఉంది అని. "అకూ మామా, అకూ!"

అందరూ ఒకేసారి మీదపడ్డారు. నేను ఎవర్నీ రానివ్వలేదు. "మిషాల్, నువ్వు చదువు. గంగారాం, నువ్వు పోయి అద్దం కింద డాష్ మీదున్న చాసిస్ నంబరు చూడు. చివరి అంకెలు గట్టిగా చదువు."

గంగారాం కళ్లజోడు పెట్టుకుని అద్దానికి మొహం ఆనించాడు. బతుకంతా ట్రాఫిక్‌లో నంబరు ప్లేట్లు చూసి నేర్చుకున్న అరబ్బీ అంకెలు అతడివి. "వాహెద్!" అన్నాడు, ఒకటి అని.

మిషాల్ టార్చి వేసి చూశాడు. "వాహెద్."

"సబ్‌ఆ."

"సబ్‌ఆ."

"తిస్‌ఆ."

మిషాల్ మడ్డిలో చేతులు ఆనించి ఇంకా కిందికి వంగాడు. "తిస్‌ఆ."

ఒక్కొక్క అంకెకీ గంగారాం గొంతు పెరుగుతోంది, మిషాల్ గొంతు తగ్గుతోంది. చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి గంగారాం అరుస్తున్నాడు. అన్నీ కలిశాయి. పక్కన ఉస్తాద్ కొట్టిన అక్షరం, నిన్న కొట్టినంత స్పష్టంగా ఉంది. నేను ఆ అక్షరం మీద వేలు పెట్టాను.

మామా కుర్చీలోంచి లేచి వచ్చి, ఆ అంకెలు చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "తమ్ముడి చార్జర్‌ను ఏనాడూ ముందుకు పోనివ్వలేదు మా ఆయన. 'నా చేతి మహిమ' అనేవాడు. దొంగమొహం! ఇంజిన్ చెక్కించి నాకు కూడా చెప్పలేదు." నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అప్పుడు మిషాల్ గంగారాం దగ్గరికి నడిచాడు. చేతులకు మడ్డి అంటుకునే ఉంది. ఆ చేతులతోనే అతడి భుజాలు పట్టుకుని, వంగి, నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఈ దేశంలో కొడుకు తండ్రికి పెట్టే ముద్దు అది. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే పెద్ద మాట ఇక్కడి భాషలో లేదు.

గంగారాం తెల్లచొక్కా భుజాల మీద రెండు నల్లటి అరచేతి గుర్తులు పడ్డాయి. "సర్ఫ్‌తో పోతది తియ్యి" అని ఏడుస్తూ నవ్వాడు.

నా తీర్పు

దుబాయ్ ఆయన నాకు చెయ్యి ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇంజిన్ అసలుదే, నేను రాసిస్తాను. కానీ కొనేవాడు కంపెనీ నంబరే అడుగుతాడు. నీ ఉస్తాద్ నంబరుకు వాడు అంత ఇవ్వడు." నిజమే. అమ్ముడుపోయే మాటకొస్తే చార్జర్ నెగ్గింది, పరుగులో షెవెల్ నెగ్గింది. మీరు కూడా ఓనర్లకు ఇలాగే విడివిడిగా చెప్పండి. రెండింటినీ కలిపి ఏదో ఒకటి గొప్పదనేవాడు బండి అమ్మేవాడు, మెకానిక్ కాదు.

మరి ఏది ఉంచుకోవాలి? ఎక్కువ విలువ చేసేది ఉంచుదామన్న మిషాలే నోరు తెరిచాడు. "చార్జర్ అమ్మేద్దాం. దాన్ని ఎవరైనా ప్రేమగా చూసుకుంటారు. షెవెల్ విలువ మనకు తప్ప ఎవరికీ తెలియదు."

ఫేసింగ్ చేసే పిల్లలకు ఒక్క మాట. చెక్కే ముందు పలకను చూడండి. నంబరుంటే ఓనర్‌కు చూపించండి. తప్పనిసరై చెక్కాల్సివస్తే లోపల కొట్టండి, పక్కన మీ అక్షరమూ కొట్టండి. ఎవడు చూస్తాడని అనుకోకండి. మా ఉస్తాద్ జోర్డాన్ మట్టిలో పడుకుని ఒక జగిత్యాల మనిషి పరువు నిలబెట్టాడు.

ఈద్ అయ్యాక గంగారాం ఇంటికి బయల్దేరాడు. విందూ జరిగింది, మాంసం వేసి వండిన మచ్‌బూస్ అన్నం పళ్లెం చుట్టూ అందరం కూర్చున్నాం. ఎయిర్‌పోర్టుకు టాక్సీ పిలుస్తానంటే మిషాల్ ఒప్పుకోలేదు. షెవెల్ బయటికి తీశాడు. డిక్కీ నిండా తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, వెనక సీట్లో నేను, నా ఒళ్లో ఇంకో పెట్టె. గంగారాం అలవాటుగా స్టీరింగ్ వైపు పోబోయాడు. మిషాల్ అతణ్ని పట్టుకుని రెండో వైపు తిప్పి, తనే తలుపు తీసి కూర్చోబెట్టాడు.

సిక్స్త్ రింగ్ రోడ్డు ఎక్కాక మిషాల్ కాలు బరువెక్కింది. షెవెల్ గర్జించింది. పక్కన పోయే కొత్త బండ్లవాళ్లు అద్దాలు దించి ఫోన్లు పట్టుకున్నారు. గంగారాం సీటు అంచు పట్టుకుని చెవి రిక్కించి వింటున్నాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ వచ్చీరాని అరబ్బీలో "హాదిర్ బాబా, హాదిర్ మామా" అని, చిత్తం చిత్తమంటూ బతికిన మనిషి, ఇక ఆగలేక తెలుగులోనే గట్టిగా కసిరాడు.

"గేరు మార్చు మిషాల్! ఇంజిన్ మొత్తుకుంటుంది, ఇనబడ్తలేదా నీకు?"

మిషాల్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. వెంటనే గేరు మార్చాడు.